అగ్గిపుల్ల ఎరగని నిప్పు

అగ్గిపెట్టె లేకుండా నిప్పు పుట్టించలేని పిల్లలకు ఎంత చదువు చెప్పినా వృథా అని ప్రభుత్వానికి ఆ ఏడు మార్చి నెలలో అర్థమైంది. అర్థమైన కొద్ది రోజులకే మా రేగడిపాలెం హైస్కూలుకు ఉత్తర్వు వచ్చింది.

మా హెడ్మాస్టరు వరప్రసాదరావు గారు దాన్ని ప్రార్థన అయ్యాక చదివి వినిపించారు.

"విద్యార్థులయందు ఆదిమ నైపుణ్యముల పునరుద్ధరణ ద్వారా ఆత్మస్థైర్యమును ఇనుమడింపజేయు నిమిత్తము, ప్రతి పాఠశాలయందు ఆరుబయట, అగ్గిపెట్టె గాని లైటరు గాని తత్సమానమైన మరే సాధనము గాని వినియోగించకుండ, శిబిరాగ్నిని ప్రజ్వలింపజేయవలెను."

శిబిరాగ్ని అంటే క్యాంపు ఫైరు అని ఆయనే మళ్ళీ చెప్పారు. అడవిలో డేరాలు వేసుకున్నవాళ్ళు చలికి తట్టుకోలేక మంట వేసుకుని, చుట్టూ కూర్చుని పాటలు పాడతారట. మా ఊరి చుట్టుపక్కల అడవి లేదు. చలి అంతకన్నా లేదు. మిరప కల్లాల్లో చెప్పులు లేకుండా నడిస్తే బొబ్బలెక్కే రోజులవి.

ఉత్తర్వులో చివరి వాక్యాన్ని హెడ్మాస్టరు గారు కాస్త నెమ్మదిగా చదివారు. నిప్పు పుట్టించని పాఠశాలలను ఆత్మస్థైర్యరహిత పాఠశాలలుగా గుర్తించి, సమీప పాఠశాలలో విలీనం చేస్తారట.

నా పక్కన నిలబడ్డ సలోమి నా చెవిలో గొణిగింది. "అంటే ఏందే కోటేశ్వరీ? మనం నిప్పు పుట్టించకపోతే బడి ఎత్తేస్తారా? వాగవతలి బడికి పోవాలా?"

నేను తలూపాను. నేను ఎక్కువ మాట్లాడను. జవాబు తెలిసినా క్లాసులో లేచి చెప్పను. హాజరు పిలిచేటప్పుడు కూడా నా బదులు సలోమే "ప్రెజెంట్ సార్" అంటుంది. సార్లు అలవాటు పడిపోయారు.

ఆ సంగతి ఇంట్లో మాత్రం చెప్పక తప్పలేదు. నాన్న అన్నం తింటూ విన్నాడు.

"వాగవతలికి ఆడపిల్లని ఎట్టా పంపుతాం? వానాకాలం నడుంలోతు నీళ్ళు. తొమ్మిదో తరగతి దాకా చదివావు గదా, చాల్లే. మీ అమ్మకి చేతికింద ఉంటావు." అని, ఆ గొంతుతోనే, "ఇంకాస్త పచ్చడెయ్యి" అన్నాడు.

కోపంగా అని ఉంటే నాకు ఆశ ఉండేది. పచ్చడి అడిగినట్టు అన్నాడు కాబట్టి అది అయిపోయిన విషయమని తెలిసింది.

*

ఈ పథకానికి మండల అగ్ని సమన్వయకర్తగా పానకాలరావు గారిని వేశారు. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చేసిన పని, బడిలో ఉన్న నిప్పునంతా తీసెయ్యడం.

"ప్రలోభ నివారణ" అన్నారాయన. "నిప్పు సులభంగా దొరుకుతున్నంత కాలం నిప్పు పుట్టించవలెనన్న తపన కలగదు. కావున ఆవరణలో అగ్గిపెట్టెలు, లైటర్లు నిషిద్ధం."

మధ్యాహ్న భోజనం వండే రమీజాబీ పిన్ని దగ్గర గ్యాసు పొయ్యి వెలిగించే లైటరు ఉంది. దాన్ని ఒక కవరులో పెట్టి, లక్కతో సీలు వెయ్యబోయారు. లక్క కరిగించడానికి నిప్పు కావాలి. అందుకని రబ్బరు బ్యాండు వేశారు.

"మరి వంట ఎట్టా చెయ్యను సారూ?" అంది రమీజాబీ పిన్ని.

"పిల్లలు నిప్పు పుట్టించగానే దానితో చేద్దురుగాని."

"అందాకా? గుడ్లు ఎండలో పెట్టి ఉడకబెట్టనా?"

పానకాలరావు గారు ఈ మాటను ఎగతాళిగా తీసుకోలేదు. కాసేపు ఆలోచించారు. "సూర్యుడు సంప్రదాయేతర ఇంధన శాఖ కిందకి వస్తాడమ్మా. వారి అనుమతి లేకుండా మనం వాడకూడదు" అన్నారు.

ఆ మాటతో సలోమి కూడా నోరు మూసుకుంది. సైన్సు బీరువాలో ఉన్న భూతద్దం ఎండలో పెట్టి కాగితం కాల్చవచ్చని చెప్పడానికి అప్పటికే సగం చెయ్యి ఎత్తి ఉంది.

కొన్నాళ్ళు నానబెట్టిన అటుకులు తిన్నాం. తర్వాత రమీజాబీ పిన్ని పొయ్యిని ప్రహరీ గోడ అవతల పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న అగ్గిపెట్టెతో వెలిగించి, ఉడికిన అన్నం గిన్నెను గోడ మీదుగా అందించడం మొదలుపెట్టింది. గోడకి అవతల ఉన్నది ఆవరణ కాదు కాబట్టి హెడ్మాస్టరు గారు అటు చూడలేదు.

*

ఆ తర్వాత అగ్ని కిట్టులు వచ్చాయి. ఒక్కొక్క దానిలో రెండు కర్రలు, కొంచెం కొబ్బరిపీచు, వాడే విధానం తెలిపే బొమ్మల కాగితం ఉన్నాయి. బొమ్మలో నవ్వుతున్న అబ్బాయి ఒక కర్రను ఇంకో కర్ర మీద నిలబెట్టి అరచేతులతో తిప్పుతున్నాడు. పక్క బొమ్మలో పొగ. ఆ పక్క బొమ్మలో మంట. మూడు బొమ్మల్లోనూ వాడి నవ్వు మారలేదు.

మేం రుద్దాం. తిప్పాం. లెక్కల పీరియడు, సాంఘికం పీరియడు అన్నీ రుద్దుడుకే ఇచ్చేశారు. వరండా అంతా గరగరమని ఒకటే చప్పుడు. సలోమి అరచేతిలో బొబ్బ లేచి చితికింది. కర్రలు మాత్రం వేడైనా ఎక్కలేదు. నున్నగా, చల్లగా, స్టీలు గ్లాసుల్లా ఉన్నాయి.

హెడ్మాస్టరు గారు ఒక కర్రను కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని, దాని మీద సన్నగా అచ్చు వేసి ఉన్నది చదివారు. "అగ్నినిరోధక పూత పూయబడినది."

ఆయన వెంటనే పానకాలరావు గారికి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు కాబట్టి మేమంతా విన్నాం.

"సార్, ఈ కర్రలు కాలవట సార్!"

"ఎట్లా కాలతాయండీ? ప్రభుత్వ పాఠశాలలో ఉంచే ప్రతి కలప వస్తువుకూ అగ్నినిరోధక పూత తప్పనిసరి. పిల్లల భద్రత విషయంలో రాజీ లేదు."

"మరి నిప్పు పుట్టేదెట్లా సార్?"

"అది మీ కృషి."

"పోనీ, బయటి నుంచి కంపకర్రలు తెచ్చుకోమంటారా సార్?"

"నిర్దేశిత కర్రలు తప్ప వాడరాదు. వరప్రసాదరావు గారూ, ఇతర పాఠశాలల నుంచి ఇట్లాంటి ప్రశ్నలు రావడం లేదండీ."

ఇతర పాఠశాలల్లో అప్పటికింకా ఎవరూ కవర్లు విప్పలేదని తర్వాత తెలిసింది.

*

పరీక్ష పెట్టే రోజు వచ్చింది. అది ఒక శుక్రవారం. క్యాంపు ఫైరు చీకటి పడ్డాక వెయ్యాలి కదా అని మేం అనుకున్నాం. అయితే ఆడపిల్లలను సాయంత్రం తర్వాత ఆవరణలో ఉంచకూడదని ఇంకో ఉత్తర్వు ఉందట. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఎవరినీ ఉంచకూడదని మరొకటి ఉందట. అన్నీ కలిపి చూస్తే శిబిరాగ్నికి మిట్టమధ్యాహ్నం ఒక్కటే మిగిలింది.

"శీతల వాతావరణ భావన కల్పించవలెను" అని కూడా రాసి ఉంది. అందువల్ల మమ్మల్ని ఇంటి నుంచి రగ్గులు తెచ్చుకోమన్నారు. ఆటస్థలంలో, నెత్తి మాడే ఎండలో, రగ్గులు కప్పుకుని గుండ్రంగా కూర్చున్నాం. మధ్యలో ఎండుగడ్డి, పుల్లలు పేర్చారు. ఒక పక్క ఇసుక బకెట్లు, నీళ్ళ డ్రమ్ము. షామియానా కింద కుర్చీలో పానకాలరావు గారు. ఆయన మెడలో తడి తువ్వాలు.

"చలిగా ఉందా పిల్లలూ?" అన్నారాయన.

"ఉంది సార్!" అని అరిచాం. అట్లా అనమని ముందు రోజే నేర్పారు.

రుద్దడం మొదలైంది. పదో తరగతి వాళ్ళు రుద్ది పక్కకి పడిపోయారు. మేం అందుకున్నాం. మంట లేకుండానే మంట చుట్టూ పాడే పాట రెండుసార్లు పాడాం. హెడ్మాస్టరు గారు స్వయంగా చొక్కా చేతులు మడిచి ఒక కర్ర తిప్పారు. ఆయన చెమట కారి కొబ్బరిపీచు తడిసింది.

పానకాలరావు గారు గడియారం చూసుకున్నారు. "వరప్రసాదరావు గారూ, విలీన ప్రతిపాదన మీద సంతకం పెడదాం రండి. మీ ఒక్కరికే కాదు లెండి. మండలంలో ఎక్కడా పుట్టలేదు. నన్ను కూడా సంజాయిషీ అడిగారు" అన్నారు. ఆ చివరి మాట చాలా మెల్లగా అన్నారు.

హెడ్మాస్టరు గారు జేబులో పెన్ను వెతుక్కుంటున్నారు. ఆ పెన్ను దొరికిందంటే నా చదువు అయిపోయినట్టే. నాకు నాన్న గొంతు వినిపించింది. ఇంకాస్త పచ్చడెయ్యి.

నేను లేచి చిటికెనవేలు చూపించాను. చిటికెనవేలు చూపించడానికి మాటలు అక్కర్లేదు. హెడ్మాస్టరు గారు అటు తిరిగే, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు.

మా ఇల్లు బడి వెనకే. గోడ విరిగిన చోట దూకితే మా పశువుల పాక. పాక పక్కన మా నాయనమ్మ దాలి ఉంది. దాలి అంటే నేలలో తవ్విన చిన్న గుంట. అందులో పిడకలు రాజేసి పాలకుండ పెడితే, పాలు సాయంత్రం దాకా సన్నని సెగ మీద కాగి ఎర్రటి మీగడ కడతాయి. పొద్దున్నే నిన్నటి నిప్పు మీద కొత్త పిడకలు వేస్తారు. అంతే గానీ మళ్ళీ వెలిగించడం ఉండదు. మా వీధిలో దాలి ఆరినవాళ్ళు పక్కింటికి పిడక తీసుకుని వెళ్ళి నిప్పు తెచ్చుకుంటారు.

"నాయనమ్మా, నిప్పు కావాలి" అన్నాను.

"శుక్రవారం పూట ఇంట్లో నిప్పు బయటికియ్యకూడదే. అయినా బడికి నిప్పెందుకు? ఏం వండుతున్నారు?"

"ఏం వండరు."

"ఏం వండకుండా మంటెందుకు? మీ సార్లకి ఈ ఎండ చాల్లేదా?"

నాకు ఏడుపొచ్చింది. "బడి తీసేస్తారంట. నన్ను మానిపిస్తానన్నాడు నాన్న."

నాయనమ్మ నా మొహం చూసింది. నా భుజాల మీది రగ్గు చూసింది. దాలి దగ్గర కూర్చుని, సగం రాజుకున్న పిడకను పటకారుతో తీసి కొబ్బరిచిప్పలో పెట్టింది.

"నేను పిడకే ఇస్తన్నా. దానికి నిప్పంటుకుని ఉంటే నాకు తెలవదు. లచ్చిందేవి అడిగితే అట్టానే చెప్పు" అంది.

రగ్గు కింద చిప్ప పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. అందరూ షామియానా వైపు చూస్తున్నారు. నేను గడ్డి కింద పిడక పెట్టి, వంగి ఊదాను. ముందు పొగ వచ్చింది. ఆ తర్వాత ఎండుగడ్డి భగ్గుమంది.

"ప్రజ్వలించింది!" పానకాలరావు గారి చేతిలో కాగితాలు ఎగిరిపోయాయి. "ఎవరు? ఎవరు ప్రజ్వలింపజేసిందీ?"

నా మొహమంతా బూడిద. దాక్కోవడానికి చోటు లేదు.

"ఏ పద్ధతిలో చేశావమ్మా? అగ్గిపెట్టె వాడావా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"లైటరు?"

మళ్ళీ ఊపాను. అంతటితో ఆగిపోయేదే. నా బదులు మాట్లాడే అలవాటున్న సలోమి లేచి నిలబడింది. "వాళ్ళ నాయనమ్మ దాలిలోది సార్!"

*

బడి మొత్తం మా పాక దగ్గరికి వచ్చింది. రగ్గులు కప్పుకునే వచ్చారు. పానకాలరావు గారు దాలి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"అవ్వా, ఈ నిప్పును మీరు ఏ తేదీన వెలిగించారు?"

"వెలిగించేదేంది అబ్బాయా? ఇది నిన్నటిదే."

"నిన్న ఎట్లా వెలిగించారు?"

"మొన్నటిదాని మీద పిడకేశా."

"మొన్న?"

"నువ్వట్టా ఎనక్కి పోతా ఉంటే నాకు పొద్దుగూకుద్ది. నేను కాపరానికొచ్చేటప్పటికే ఈ గుంటలో నిప్పుండేది. మా అత్తనడుగు."

"మీ అత్తగారు ఉన్నారా?"

"ఉంటే నిన్ను చెప్పులతో ఇక్కడ దాకా రానిస్తదా?"

పానకాలరావు గారు చెప్పులు విడిచారు. "మధ్యలో ఎప్పుడూ ఆరలేదా?"

"తుపానప్పుడు ఆరింది. ఎదురింటి కోటమ్మ దాలిలోంచి తెచ్చుకున్నా."

"ఆ కోటమ్మకి ఎక్కడిది?"

"అంతకుముందు మా దాంట్లోంచి తీసుకుపోయిందే గదా."

ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే, మీకు తెలిసి, ఏ దశలోనూ దీనికి అగ్గిపుల్ల తగల్లేదు?"

"పాలు కాగబెట్టటానికి అగ్గిపుల్లెందుకయ్యా, దండగ!"

పానకాలరావు గారు లేచి నిలబడి, కోర్టులో తీర్పు చెబుతున్నట్టు చెప్పారు. ఉత్తర్వు ప్రకారం నిప్పుకు అగ్గిపెట్టె, లైటరు తగలకూడదు. ఈ నిప్పుకు తరతరాలుగా తగల్లేదు. కావున రేగడిపాలెం పాఠశాల ఉత్తీర్ణం. మండలంలో ఇట్లాంటి నిప్పు ఇది ఒక్కటే. కావున ఇది వారసత్వ నిప్పు. వారసత్వ నిప్పు ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఉండరాదు. దానిని పాఠశాలకు తరలించి సంరక్షించవలెను. నిప్పును వాగు దాటించే అధికారం ఏ శాఖకూ లేదు కాబట్టి, ఈ నిప్పు ఉన్నంత కాలం ఈ పాఠశాలను విలీనం చేయరాదు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనైతే రగ్గులో మొహం దాచుకున్నాను.

"ఇంకొక్క మాట" అన్నారాయన. "ఒరిజినలు పాఠశాలకు వెళ్ళాక ఇక్కడ మిగిలేది నకలు. వారసత్వ నిప్పుకు నకళ్ళు చెలామణిలో ఉండరాదు."

ఎర్రగా రాజుకున్న పిడకలను ఇత్తడి పళ్ళెంలో ఎత్తుకుని బడికి తీసుకెళ్ళారు. తర్వాత ఒక ప్యూను వచ్చి మా దాలిలోనూ కోటమ్మ దాలిలోనూ బకెట్టు నీళ్ళు పోశాడు. బుస్సుమని బూడిద లేచింది. నాయనమ్మ పాలకుండ మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఓరి నీ చేతులిరగ! పాలల్లో బూడిద పడతన్నదిరా!" అని ఊరంతా వినపడేట్టు తిట్టింది.

అన్యాయం జరగకూడదని పానకాలరావు గారు నష్టపరిహారం కూడా మంజూరు చేయించారు. నిప్పు కోల్పోయిన కుటుంబానికి నెలకు ఒక అగ్గిపెట్టె. వేలిముద్ర వేసి తీసుకోవాలి. దాంతో నాయనమ్మ దాలి వెలిగించుకోవచ్చు. అగ్గిపుల్లతో వెలిగించిన నిప్పు మామూలు నిప్పు కాబట్టి దాని మీద ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.

*

నన్ను అగ్ని సంరక్షక విద్యార్థినిగా నియమించి చొక్కాకి బ్యాడ్జీ పెట్టారు. నా పని రోజూ బడిలోని గుంటలో పిడకలు వెయ్యడం. వేసవి సెలవులన్నీ వేశాను. రమీజాబీ పిన్ని ఆ నిప్పుతో పొయ్యి వెలిగించుకుంటానని అడిగింది. అది ప్రదర్శన కోసమని, వాడకం కోసం కాదని చెప్పారు. గోడ మీదుగా అన్నం గిన్నెలు అట్లాగే వస్తున్నాయి.

నిప్పుకు ఒక షెడ్డు కట్టారు. పొగను దూరం నుంచి సందర్శకులు చూడాలని కప్పు మధ్యలో పెద్ద కన్నం పెట్టారు. సరిగ్గా గుంటకు పైన.

బడులు తెరిచాక మొదటి పెద్ద వాన పడింది. తెల్లవారి నేను వెళ్ళేసరికి గుంటలో నల్లటి నీళ్ళు, వాటి మీద తేలుతున్న పిడకలు. ఆ రోజే రాష్ట్రం నుంచి పెద్ద మేడమ్ గారు వారసత్వ నిప్పును చూడటానికి వస్తున్నారు.

హెడ్మాస్టరు గారు గొడుగుతో వచ్చి గుంటలోకి చూశారు. గొడుగు ముడిచి, ఆ తడిలోనే గట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి లేచి ఒక కిట్టు కవరు విప్పి, పూత పూసిన కర్రలు తీసి తిప్పడం మొదలుపెట్టారు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది.

"కోటేశ్వరీ" అన్నారాయన, తిప్పుతూనే. "ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

తనకు జవాబు తెలియని ప్రశ్న ఒక హెడ్మాస్టరు నన్ను అడగడం అదే మొదలు. నేను చిటికెనవేలు చూపించాను.

నాయనమ్మ అప్పుడే పాలు పితికి వచ్చింది. మా దాలి కూడా వానకి ఆరిపోయింది. కోటమ్మదీ ఆరింది.

"నీ బడి నిప్పు కూడా ఆరిందా?" అంది.

తలూపాను.

"ఆరక ఏం జేస్తది? నెత్తిన కన్నం పెట్టుకున్నాక." అటక మీది నుంచి పొడి పిడక తీసింది. కొప్పు సర్దుకుని, నడుం దగ్గర చీరె మడతలోంచి పరిహారం పెట్టె తీసింది. మూడు పుల్లలు గీసినా చెమ్మకి అంటుకోలేదు. "గవర్నమెంటు అగ్గిపెట్టె గదా, అడిగిన ఎంటనే పలకదు" అంది. ఆ పై పుల్ల అంటుకుంది.

చిప్ప పట్టుకుని వెళ్ళాను. గుంటలో నీళ్ళు తోడి, కింద ఇటుక ముక్కలు పరిచి, నిప్పు పెట్టి ఊదాను. ఎక్కడిదని హెడ్మాస్టరు గారు అడగలేదు. చేతిలో కర్రలు కిట్టులో పెట్టి, కవరు మూసి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

జీపు ఎత్తుగా ఉండబట్టి వాగు దాటగలిగింది. మేడమ్ గారు షెడ్డులోకి వచ్చి, చేతులు జోడించినంత పని చేశారు. పానకాలరావు గారు గుంట వైపు చెయ్యి చాపారు.

"చూడండి మేడమ్. తరతరాలుగా అగ్గిపుల్ల ఎరగని నిప్పు."

"దీన్ని చూస్తుంటేనే తేడా తెలుస్తోందండీ" అన్నారామె. "ఈ వెలుగులో ఒక స్వచ్ఛత ఉంది." నా వైపు తిరిగి, "నిన్న అంత వాన కురిసినా ఎట్లా కాపాడావమ్మా?" అని అడిగారు.

నేను నేల చూశాను.

"సిగ్గండీ. మాట్లాడదు" అన్నారు హెడ్మాస్టరు గారు గబగబా. ఆయన నా సిగ్గును మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

గోడ విరిగిన చోట నాయనమ్మ నిలబడి చూస్తోంది. పానకాలరావు గారు ఆమెను పిలిచి, నిప్పును జాతికి ఇచ్చిన వృద్ధురాలని పరిచయం చేశారు.

"పరిహారం అందుతోందా అవ్వా?" అన్నారు మేడమ్ గారు. "ఆ అగ్గిపెట్టె ఏమైనా ఉపయోగపడుతోందా?"

"ఎందుకు పడదమ్మా!" అంది నాయనమ్మ. "ఇయ్యాల పొద్దున అదే గనక లేకపోతే మా పిల్ల చదువు ఆగిపోయేదే."

హెడ్మాస్టరు గారి చేతిలో గొడుగు కింద పడింది.

మేడమ్ గారు తృప్తిగా తలూపి, పానకాలరావు గారి వైపు తిరిగారు. "విన్నారా? పథకం లబ్ధిదారుల జీవితాల్లోకి ఎంత లోతుగా వెళ్ళిందో. నెలకు రెండు పెట్టెలు చెయ్యండి."

వాగు పెరుగుతోందని డ్రైవరు వచ్చి చెప్పాడు. అందరూ హడావిడిగా జీపెక్కారు. మధ్యాహ్నానికి వాగు రోడ్డు మీదికి పొంగి, అవతలి బడికి దారి మూసుకుపోయింది. ఇవతల మేం, మార్చి నుంచి ఆగిపోయిన లెక్కల పాఠం మొదలుపెట్టాం. సారు హాజరు పిలిచారు. కోటేశ్వరి అన్నప్పుడు సలోమి నోరు తెరిచింది గానీ, ఈసారి నేనే ముందు అన్నాను.